పువ్వు ఒకరిది, అతుకు ఒకరిది

క్రాస్ స్టిచ్ పనితనం తెలియాలంటే గుడ్డ తిరగేసి చూడాలి. ఈ మాట నాకు మా అమ్మ చెప్పింది. ఆవిడకి యానాంలో మా పక్కింటి వదినగారు చెప్పారట. ఆ వదినగారికి ఎవరు చెప్పారో అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. కుట్టుపనిలో చిట్కాలన్నీ ఇలాగే వస్తాయి. ఎవరి దగ్గర మొదలయ్యాయో ఎవరికీ తెలీదు, ఎవరి దగ్గర ఆగిపోయాయో మాత్రం తెలుస్తుంది.

1970ల్లో యానాంలో మా వీధిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళందరూ మా అరుగు మీదకి చేరేవాళ్ళు. వంటిళ్ళు కడిగేసి, మగవాళ్ళు ఓ కునుకు తీసే వేళకి. ఒకరి చేతిలో మ్యాటీ గుడ్డ, ఒకరి చేతిలో రింగు, ఒకరి ఒళ్ళో గళ్ళ కాగితాల పుస్తకం. ఆ పుస్తకం వీధి మొత్తానికీ ఒకటే. రెండు చిలకలు, నాలుగు హంసలు, ఒక తాజ్‌మహల్, గులాబీల బుట్ట, అందరిళ్ళలోనూ గుమ్మం మీదకెక్కిన ‘స్వాగతం’. ఎవరి దగ్గరికైనా కొత్త బొమ్మ వస్తే ముందు ఆ పుస్తకంలోకి ఎక్కాలి, తర్వాతే గుడ్డ మీదకి. అది ఎవరూ పెట్టని రూలు.

చిట్కాలు మాటల మధ్యలో దొర్లిపోయేవి. “గుడ్డని నాలుగు మడతలు పెట్టండి పిన్నిగారూ, మడతలు కలిసిన చోటే మీ బొమ్మకి నడిమధ్య. అక్కణ్ణుంచి మొదలెడితే అంచు చాలకపోవడం అనేది ఉండదు.” “ముడెయ్యకే తల్లీ. కొసని అరంగుళం వదిలి మొదటి నాలుగు కుట్ల కింద నొక్కేసెయ్. ముడేస్తే ఇస్త్రీ చేసినప్పుడు మొటిమల్లా లేస్తాయి.” “దారం మోచెయ్యి దాటి తెంపకు.” “పై గీత అన్నీ ఒకే వైపుకి వాలాలి. ఒకటి అటు, ఒకటి ఇటు వాలితే వెలుతురు పడ్డప్పుడు గంతలు కట్టినట్టుంటుంది.” “పురి పడితే సూది వదిలేసి వేలాడదియ్యండి, దానంతటదే విప్పుకుంటుంది.” ఎర్ర దారం రంగు దిగుతుందో లేదో తెలియాలంటే తడి తెల్లగుడ్డలో ఓ పోగు పెట్టి నొక్కి చూడాలి. ఆరు పోగుల్లోంచి రెండు తీసేటప్పుడు ఒక్కొక్కటే లాగాలి, రెండూ కలిపి లాగితే చిక్కు పడుతుంది.

ఇవన్నీ వింటూ పెరిగిన నాకు, తెలిసింది పక్కవాళ్ళకి చెప్పెయ్యడం అనేది ఆడవాళ్ళ స్వభావం అనిపించేది. అది స్వభావం కాదనీ, దానికో చరిత్ర ఉందనీ తెలియడానికి మా పెద్దమ్మ వచ్చిన ఒక వేసవి కావలసి వచ్చింది.

*

పెద్దమ్మని నర్సాపురం దగ్గర పల్లెటూరికి ఇచ్చారు. అప్పటికి యానాం–ఎదుర్లంక వంతెన లేదు. సఖినేటిపల్లి రేవు దాటి, కోనసీమంతా అడ్డంగా బస్సుల్లో వచ్చి, మళ్ళీ ఎదుర్లంక రేవులో పడవెక్కి వచ్చేది. చేతిలో ఎప్పుడూ ఓ గుడ్డసంచి, అందులో తెల్ల దారపు ఉండ, కొక్కెం సూది. పడవలో కూడా చేతులు ఆడుతూనే ఉండేవి. కళ్ళు గోదావరి మీద, వేళ్ళు దారం మీద.

ఆవిడ చేసేది నర్సాపురం లేసు. అసలు అది అల్లిక, అంటే క్రోషా. మనవాళ్ళందరికీ లేసనే అలవాటు.

అమ్మ పెద్దమ్మకి రెండు మధ్యాహ్నాల్లో క్రాస్ స్టిచ్ మొత్తం నేర్పేసింది. మూడో రోజుకి పెద్దమ్మ మా అరుగు పుస్తకంలోంచి చిలకల బొమ్మ తీసుకుని సొంతంగా మొదలెట్టింది కూడా. అప్పుడు అమ్మ, “అక్కా, నాకు ఆ లేసు బల్లగుడ్డ నేర్పవే” అంది.

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. “నాకు పువ్వే వచ్చే. అతుకు రాదు” అంది.

అమ్మ నవ్వింది, వేళాకోళం అనుకుని. వేళాకోళం కాదు. ఎనిమిదో ఏటి నుంచీ లేసు పట్టిన పెద్దమ్మకి అప్పటికి నలభై దాటాయి. ఆ ముప్పై రెండేళ్ళలో ఆవిడ చేతుల మీదుగా ఎన్ని వేల పువ్వులు వెళ్ళాయో లెక్క లేదు. ఒక్క బల్లగుడ్డ కూడా మొదట్నుంచి చివరిదాకా అల్లలేదు. ఏజెంటు దారం ఇచ్చేవాడు, పువ్వులు పట్టుకెళ్ళేవాడు. వాటిని అతికేవాళ్ళు వేరే ఊళ్ళో ఉండేవాళ్ళు. అతికాక ఎలా ఉంటుందో పెద్దమ్మ చూసింది రెండు మూడుసార్లే, అదీ ఎవరింట్లోనో పెళ్ళిలో.

*

గోదావరి డెల్టా గుడ్డ ప్రపంచం చుట్టి వచ్చిన గుడ్డ. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాం వచ్చింది దాని కోసమే. మధ్యలో వదిలేసి పోయి 1731లో మళ్ళీ వచ్చారు, అదీ దాని కోసమే. యానాం పక్కనే ఉన్న ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ బట్టల ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే ఇప్పటి అర్థంలో కాదు, నేతగాళ్ళకి బయానా ఇచ్చి సరుకు పోగేసే గిడ్డంగి. నర్సాపురాన్ని ఆనుకునున్న మాధవాయపాలెంలో ఇంకొకటి ఉండేది. ఆ ఊరి పేరు ఇంగ్లీషువాళ్ళ నోట్లో మడపోలం అయింది. ఆ మడపోలమే ఒక రకం మెత్తటి నూలుగుడ్డకి పేరుగా యూరప్ భాషల్లో నిలిచిపోయింది. ఊరు మర్చిపోయారు, గుడ్డ పేరు మర్చిపోలేదు.

ఇక్కణ్ణుంచీ, బందరు నుంచీ వెళ్ళిన అద్దకపు గుడ్డలంటే ఫ్రాన్సులో ఎంత మోజంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టగా రాజు 1686లో వాటిని నిషేధించాడు. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఆ రోజుల్లో మ్యులూజ్ అనే ఊరు ఫ్రాన్సులో లేదు, స్విస్ వాళ్ళతో పొత్తున్న స్వతంత్ర నగరం. నిషేధం దానికి వర్తించదు. 1746లో అక్కడ జాన్ హెన్రీ డాల్‌ఫస్ మరో ఇద్దరితో కలిసి ఇండియా గుడ్డల్ని పోలిన అద్దకపు గుడ్డలు తయారుచేసే కార్ఖానా పెట్టాడు. ఆ గుడ్డల్ని అక్కడివాళ్ళు ‘ఇండియెన్’ అనేవాళ్ళు. 1800లో ఆ కుటుంబంలో ఒకాయన మీగ్ అనే ఇంటిపేరున్న అమ్మాయిని పెళ్ళాడాక కంపెనీ పేరు డాల్‌ఫస్ మీగ్ అండ్ కంపెనీ అయింది. పొడి అక్షరాల్లో డి.ఎమ్.సి.

కుట్టేవాళ్ళెవరికైనా ఆ మూడక్షరాలు చెబితే మొహం వెలుగుతుంది. ప్రపంచంలో ఏ మూలైనా 310 అంటే నలుపు. ఆ నంబరు ఆ కంపెనీ దారానిది. మా నాయనమ్మ సందుకపెట్టెలో ఆ పేరున్న అట్ట చుట్టిన దారపు లడి ఒకటి ఉండేది, ఫ్రెంచివాళ్ళ రోజుల్లో యానాం మంగళవారం సంతలో కొన్నది. “ఫ్రాన్సు దారం” అని ముట్టుకోనిచ్చేది కాదు. సుంకాల్లేని ఊరు కాబట్టి పైదేశపు సరుకు కోసం చుట్టుపక్కల ఇంగ్లీషు పాలనలో ఉన్న ఊళ్ళవాళ్ళు ఆ సంతకి వచ్చేవాళ్ళు. ఏ ఊళ్ళ గుడ్డ చూసి ఆ కంపెనీ పుట్టిందో, రెండు వందల ఏళ్ళ తర్వాత దాని దారం ఆ ఊళ్ళకే వచ్చి చేరిందన్న సంగతి నాయనమ్మకి తెలీదు.

ఆ రెండు వందల ఏళ్ళలో ఇక్కడ జరిగింది వేరు. మిల్లు గుడ్డ వచ్చి పడింది. 1833 చార్టర్ చట్టంతో ఈస్టిండియా కంపెనీ వ్యాపారమే మానుకుంది, నేతగాళ్ళకి బయానాలు ఇచ్చే చెయ్యి పోయింది. అదే సమయానికి నందన కరువు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయ్యేదాకా డెల్టా అంటే ఇప్పుడు మనం అనుకునే పచ్చని డెల్టా కాదు. ఈ మధ్యలోనే, 1836లో, విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చారు. వాళ్ళతో మొదలైందే గోదావరి డెల్టా మిషన్, దానికి కేంద్రం నర్సాపురం. లేసు అల్లిక 19వ శతాబ్దంలో ఈ ప్రాంతపు ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చింది మిషనరీ కుటుంబాల నుంచే. కరువులో మతం మారిన పేదవాళ్ళకి ఇంటిపట్టున నాలుగు డబ్బులు వస్తాయని నేర్పారు. తర్వాత దొరసానుల చేతుల్లోంచి వ్యాపారుల చేతుల్లోకి పోయింది. బయటికి వచ్చి కూలి చెయ్యడం నామోషీ అనుకునే ఘోషా కుటుంబాల ఆడవాళ్ళకి కూడా ఇదో దారి అయింది. మా పెద్దమ్మ అత్తగారి ఇల్లు అలాంటిదే.

సరిగ్గా ఇలాంటి కథే ఐర్లండులోనూ ఉంది. అక్కడి బంగాళాదుంపల కరువు కాలంలో, 1847లో, క్లోన్స్ అనే ఊళ్ళో చర్చి ఫాదరీ భార్య కసాండ్రా హ్యాండ్ ఆడవాళ్ళకి క్రోషా నేర్పించింది. అక్కడా పువ్వు ఒకరిది, ఆకు ఒకరిది, అతుకు మరొకరిది. ఏ కుటుంబం పువ్వు ఆ కుటుంబానికి రహస్యం, పక్కింటివాళ్ళు వస్తే దాచేసేవాళ్ళని చెప్పుకుంటారు. దాస్తే దక్కేది ఆ వారం తిండి మరి. ఆ దాచుకోవడాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

*

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నర్సాపురం వచ్చి ఈ ఆడవాళ్ళతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. ఇప్పుడు ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదివే ప్రతి తరగతిలోనూ ఆ పుస్తకం ఉంటుంది. నర్సాపురంలో ఎంతమందికి తెలుసో నేను చెప్పలేను గానీ, మా ఇంట్లో మాత్రం ఎవరికీ తెలీదు. నేనే చాలా ఆలస్యంగా చదివాను.

ఆవిడ తేల్చినది ఇదీ. లక్షకు పైగా ఆడవాళ్ళు, ఇంటిపని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. రోజంతా అల్లినా చేతికొచ్చేది రూపాయి కూడా దాటట్లేదు. సరుకు యూరప్‌కీ, అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ పోతోంది. అయినా లెక్కల్లో వీళ్ళు కూలీలు కారు, గృహిణులు. ‘ఖాళీగా కూర్చునే బదులు ఏదో చేసుకుంటున్నారు’ అనే మాట వ్యాపారుల నోట్లోనే కాదు, ఆ ఆడవాళ్ళ నోట్లో కూడా ఉంది. పనిని చేతిపని, అతుకుపని అని ముక్కలు చేశారు. ఒక్కొక్క స్త్రీకీ ఒక్కొక్క ముక్కే వచ్చు.

అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. “నాకు పువ్వే వచ్చే” అన్న మాట పెద్దమ్మ తన తెలివితక్కువతనంగా ఒప్పుకుంది. మేమూ అలాగే తీసుకున్నాం. అమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆ సంగతి చెప్పి నవ్వేది కూడా. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

క్రోషా కష్టమనీ, క్రాస్ స్టిచ్ సులువనీ అందుకే అది ఇట్టే పంచుకోవచ్చనీ కొందరంటారు. కొంత నిజం ఉంది. క్రాస్ స్టిచ్ గళ్ళ కాగితం మీద పూర్తిగా ఎక్కుతుంది. చుక్కల ముగ్గు లాగా. పదిహేను చుక్కలు, ఎదురు చుక్క అని చెబితే చాలు, మిగతాది ఎవరైనా వేసుకుంటారు. 1520ల్లోనే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో యోహాన్ షోన్‌స్పెర్గర్ కుట్టు నమూనాల పుస్తకం అచ్చేశాడు. పుస్తకం కొనలేనివాళ్ళు గుడ్డ మీదే కుట్టుకుని దాచుకునేవాళ్ళు. ఇంగ్లండులో తారీకు వేసి ఉన్న అలాంటి మచ్చుగుడ్డల్లో అన్నిటికన్నా పాతది జేన్ బోస్టాక్ అనే ఆవిడ 1598లో కుట్టినది, ఇప్పటికీ లండన్ మ్యూజియంలో ఉంది. 19వ శతాబ్దం మొదట్లో బెర్లిన్ వ్యాపారులు గళ్ళ కాగితం మీద రంగులేసి నమూనాలు అమ్మడం మొదలెట్టాక అవి ఇల్లిల్లూ తిరిగాయి. 1886లో తెరేజ్ ద డిల్‌మాంట్ రాసిన కుట్టుపని విజ్ఞాన సర్వస్వాన్ని డి.ఎమ్.సి. ఎన్నో భాషల్లో అచ్చేయించింది. దారం అమ్ముడుపోవాలంటే విద్య ఊరికే పంచాలని ఆ కంపెనీకి తెలుసు. మనకి దగ్గర్లో కన్నడదేశపు కసూతిలో కూడా క్రాస్ స్టిచ్ ఉంది, దాన్ని మెంతి అంటారు.

అయితే క్రోషాకి కూడా కాగితం మీద ఎక్కే గుర్తులున్నాయి. అదే డిల్‌మాంట్ పుస్తకంలో క్రోషాకీ ఒక అధ్యాయం ఉంది. కాబట్టి తేడా సూదిలో లేదు. మా అరుగు మీద విద్య మొత్తంగా తిరిగింది ఎందుకంటే దాన్ని కొనేవాడు లేడు. పెద్దమ్మ ఊళ్ళో ముక్కలైంది ఎందుకంటే కొనేవాడున్నాడు, వాడికి మొత్తం తెలిసిన మనిషితో పని లేదు. మొత్తం తెలిస్తే ఆవిడే అమ్ముకుంటుంది కదా.

మా అరుగుని మరీ ఆకాశానికి ఎత్తడం కూడా నాకిష్టం లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా ఏదో ఒక ఉద్యోగస్తుడి భార్యలో, పొలాలున్న ఇళ్ళవాళ్ళో. మధ్యాహ్నం ఖాళీ దొరికినవాళ్ళు. మా గిన్నెలు తోమిన మనిషి అరుగు ఎక్కలేదు, ఆవిడకి గళ్ళ పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. పైగా ఈ కుట్లకి ఇంకో ఉపయోగం ఉండేది. ‘అమ్మాయికి కుట్లూ అల్లికలూ వచ్చు’ అని పెళ్ళిచూపుల్లో చెప్పడం. చిలకల ఫ్రేము సరిగ్గా పెళ్ళివారి కళ్ళెదుట ఉండేలా మేకు కొట్టేవారు. పెళ్ళిళ్ళకి యానాం పేరుపడ్డ ఊరే. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి ఇంగ్లీషు ఇండియాలో అమల్లోకి వచ్చాక, అది వర్తించని ఫ్రెంచి యానాంకి బాల్యవివాహాల కోసం జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. కళ్యాణపురం అన్నారు ఊరిని. మా నాయనమ్మ అలా పదో ఏట ఈ ఊరొచ్చింది. సందుకపెట్టెలో ఫ్రాన్సు దారం అలాగే ఉండిపోవడానికి కారణం, ఆవిడకి కుట్టే తీరికే దొరక్కపోవడం.

*

పెద్దమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆవిడ గుడ్డసంచి మా అన్నయ్య నాకిచ్చాడు. అందులో సూదీ, సగం ఉండా, నలభై ఎనిమిది పువ్వులూ ఉన్నాయి. చైనా మిషను లేసు వచ్చి చేతిలేసుకి గిరాకీ పడిపోయిన రోజుల్లో ఏజెంటు తీసుకుపోకుండా మిగిలిపోయినవి. పక్కనే చుట్టిపెట్టి ఓ మ్యాటీ గుడ్డ. యానాంలో మొదలెట్టిన చిలకలు. పూర్తయింది. తిరగేసి చూశాను. ఒక్క ముడి లేదు.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త చదివాకే పువ్వులు పట్టుకుని నర్సాపురం బయల్దేరాను. ఇప్పుడు ఎదుర్లంక దగ్గర పడవ లేదు, బాలయోగి వారధి మీద అయిదు నిమిషాల్లో గోదావరి దాటేస్తాం. వాకబు చేసుకుంటూ వెళ్తే ఒక వీధిలో అతుకుపని చేసే ఆవిడ దొరికారు. అరవై ఏళ్ళుంటాయి. పువ్వులు చాప మీద పరిచి, ఒకటి తీసి అంచు లాగి చూశారు.

“చెయ్యి బిగువండి ఈవిడది. ఇప్పుడిలా ఎవరూ అల్లట్లేదు. ఎవరండి?”

చెప్పాను. ఆవిడకి పెద్దమ్మ తెలీదు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండి, పెద్దమ్మ పువ్వుల్లాంటి పువ్వుల్నే ముప్పై ఏళ్ళు అతికిన మనిషి.

“మీకు పువ్వు వచ్చాండి?” అని అడిగాను.

“రాదమ్మా. మాకు అతుకే” అన్నారు.

మూడు రోజుల పని అన్నారు. కూలి మాట్లాడుకున్నాం. నేను లేవబోతుంటే, “ఊరికే అలా వెళ్ళడం ఎందుకు, కూర్చోండి. మీ చేతికీ సూది ఉందిగా, చూస్తూ రెండు వెయ్యండి” అన్నారు. పువ్వు కొసని కాజాలోంచి ఎలా దూర్చాలో, దారం ఎక్కడ వదులుగా పట్టాలో, నాలుగు పువ్వులు కలిసే చోట గుంట పడకుండా మధ్యలో ఎన్ని గొలుసులు వెయ్యాలో చూపించారు. నాకు నాలుగోసారికి వచ్చింది. దీనికేమివ్వాలని అడిగితే ఆవిడకి అర్థం కాలేదు.

సాయంత్రం నేను బయల్దేరే ముందు సంచిలోంచి పెద్దమ్మ సూదీ, సగం ఉండా తీసి, అమ్మ తర్వాతెప్పుడో పెద్దమ్మ దగ్గర పట్టుపట్టి నేర్చుకుని నాకు నేర్పిన ఆ పువ్వు మొదటి చుట్టు వేసి ఆవిడకి చూపించాను. ఆరు గొలుసులు కలిపి గుండ్రం, అందులోంచి పన్నెండు కాళ్ళు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సూది నా చేతిలోంచి తీసుకున్నారు.

“మళ్ళీ చెప్పండి. ఆరు గొలుసులు, తర్వాత?”